సగం మునిగిన స్టీలు సిలిండర్: రెండు ఫైళ్ళు రెండు జవాబులు ఇస్తున్నాయి, నీటిమట్టం దగ్గర ఏం పెట్టాలి?

ఏర్పేడు_తరంగం
అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎం.టెక్ రెండో ఏడాది. స్టీలు సిలిండర్ నీళ్ళలో అడ్డంగా పడుకుని సరిగ్గా సగం మునిగి ఉంటే ఎట్లా వణుకుతుంది, ఆ వణుకు వల్ల నీళ్ళలోకి ఎంత శబ్దం పోతుంది అనేది కంప్యూటర్లో లెక్కగట్టడం నా ప్రాజెక్టు. వ్యాసార్థం 30 సెంటీమీటర్లు, రేకు మందం 3 మిల్లీమీటర్లు. ప్రస్తుతానికి పొడవు సంగతి పక్కన పెట్టి అడ్డుకోత మాత్రమే చూస్తున్నా.
సమస్య ఏమిటంటే, గాల్లో వృత్తం దీర్ఘవృత్తంగా మారే మోడ్ (వస్తువు తనంతట తను వణికే ఆకారం) జంటగా వస్తుంది, రెండిటికీ ఒకే ఫ్రీక్వెన్సీ. ఒకటి నిలువు-అడ్డంగా నొక్కుకుంటుంది, రెండోది ఐమూలగా. నీళ్ళలో పెట్టాక జంట విడిపోవాలి, విడిపోతోంది కూడా. కానీ మా దగ్గర ఏళ్ళుగా చేతులు మారుతూ వస్తున్న పాత ఫైలులో రెండూ బాగా కిందికి దిగి, మధ్య ఎడం ఎక్కువగా ఉంది. నేను మొదటి నుంచి కట్టుకున్న కొత్త ఫైలులో అంత దిగలేదు, ఎడం కూడా తక్కువ. కింది ఫ్రీక్వెన్సీల మధ్య 20 శాతం దాకా తేడా. మెష్ (లెక్క కోసం విడగొట్టిన గళ్ళు), స్టీలు, నీళ్ళ సాంద్రత అన్నీ ఒకటే. పాత ఫైలు తెలిసిన ఫార్ములాతో సరిచూసిందే, దాన్ని కాదనాలంటే గట్టి కారణం కావాలి అంటున్నారు. ఏది నమ్మాలో చెప్పండి.

చిత్తూరు_మెష్
తమ్ముడూ, పాత ఫైలులో నీటి పైగీత మీద, అంటే సిలిండర్‌కి అటూ ఇటూ నీళ్ళు గాలిని తాకే చోట, ఏ బౌండరీ కండిషన్ (అంచు మీద ఇచ్చే షరతు) ఉందో చూసి చెప్పు. ఇంకేమీ వద్దు, ముందు అదొక్కటి.

ఏర్పేడు_తరంగం
చూశానక్కా. అక్కడ ఏమీ పెట్టలేదు, ఖాళీగా వదిలేశారు. నా ఫైలులో పీడనం సున్నా అని ఇచ్చాను.

చిత్తూరు_మెష్
అయితే నీ ఫైలే సరైనది. ఎందుకో చెప్తాను, వివరంగానే చెప్తాను, ఎందుకంటే నేను బెంగళూరులో పదిమంది కొత్తవాళ్ళకి నేర్పిస్తే అందులో చాలామంది ఇక్కడే తడబడతారు.
పీడనం తెలియని రాశిగా పెట్టుకుని రాసే అకౌస్టిక్ ఫైనైట్ ఎలిమెంట్‌లో, అంటే నీళ్ళని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కగట్టే పద్ధతిలో, ఒక అంచు మీద నువ్వు ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ "ఇక్కడేమీ లేదు" అనుకోదు. అక్కడ పీడనం వాలు సున్నా అనుకుంటుంది. అంటే ఆ అంచు దగ్గర నీళ్ళు లంబంగా కదలవు. ఇంకో మాటలో చెప్పాలంటే అక్కడ కదలని గోడ కట్టినట్టు. పాత ఫైలులో మీ నీళ్ళ మీద ఇనుప మూత బిగించి ఉంది. ఆ సిలిండర్ పక్కకి ఉబ్బినప్పుడు నెట్టిన నీళ్ళు పైకి లేవలేవు, చుట్టూ తిరిగి అడుగు నుంచే ఇంకో వైపుకి పోవాలి. ఎక్కువ నీళ్ళు ఎక్కువ దూరం కదలాలంటే ఎక్కువ ద్రవ్యరాశి మోసినట్టే, అందుకే ఫ్రీక్వెన్సీలు అంత దిగాయి.
అసలు నీళ్ళకి పైన గాలి ఉంది. గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.2 కిలోలు, నీళ్ళది 1000. అంత తేలిక గాలి నీళ్ళని అడ్డుకోలేదు, అందువల్ల అక్కడ పీడనం మార్పు సున్నా. ఇది చేత్తో ఇవ్వాల్సిన షరతు, తనంతట తను రాదు.

మదనపల్లె_77
నాకొక అనుమానం. పాత ఫైలు తెలిసిన ఫార్ములాతో సరిచూసిందే అంటున్నాడు కదా. మరి తప్పైతే ఆ పరీక్షలో ఎట్లా నెగ్గింది?

ఏర్పేడు_తరంగం
ల్యాంబ్ 1920లో ఇచ్చిన గుండ్రని పలక ఫార్ములాతో సరిచూశారన్నా. అంచు బిగించిన పలక, ఒక వైపు నీళ్ళు. ఆ ఫలితం రిపోర్టులో ఉంది, బాగా సరిపోయింది.

చంద్రగిరి_నావ
అదే కీలకం. నేను విశాఖలో ఓడల పని చేసి రిటైరై ఇప్పుడు చంద్రగిరిలో ఉంటున్నా, కాబట్టి ఈ ల్యాంబ్ లెక్క చాలాసార్లు వాడినవాణ్ణి. ఆ లెక్కలో పలక చుట్టూ అంతులేని గట్టి గోడ ఉంటుంది, పలక ఆ గోడలో బిగించిన కిటికీలా. అంటే అక్కడ గట్టి అంచే సరైన షరతు! నీటి పైమట్టం ఆ లెక్కలో ఎక్కడా లేదు. అందుకే ఖాళీగా వదిలేసిన ఫైలు ఆ పరీక్షలో దర్జాగా నెగ్గుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసార్థం, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు పలక తీసుకోండి. నీళ్ళ సాంద్రతని స్టీలు సాంద్రతతో భాగించి, వ్యాసార్థాన్ని మందంతో భాగించి, రెండూ గుణించి, దాన్ని 0.6689తో గుణిస్తే 3.41 వస్తుంది. దానికి ఒకటి కలిపి వర్గమూలం తీసి భాగిస్తే, గాల్లో ఉన్న ఫ్రీక్వెన్సీలో 48 శాతం. ఈ పరీక్ష నీళ్ళ బరువు సరిగ్గా వస్తోందా అని చెప్తుంది. నీటిమట్టం సరిగ్గా పెట్టారా అన్నది చెప్పదు. తేలే వస్తువుకి వేరే పరీక్ష కావాలి.
ఆ పరీక్ష మీ సిలిండర్‌లోనే ఉంది బాబూ, చేత్తో వేసుకోవచ్చు. రాత్రి తీరిగ్గా రాస్తాను.

కార్వేటినగరం_సివిల్
ఈ లోపల నాదొక మాట. మేము డ్యాముల్లో భూకంపం లెక్క వేసేటప్పుడు వెస్టర్‌గార్డ్ 1933లో ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ వాడుతున్నాం. డ్యాము గోడకి అంటుకుని ఎంత నీరు దానితో పాటు ఊగుతుందో అది చెప్తుంది. మొత్తం లోతుని, పైమట్టం నుంచి కొలిచిన లోతుతో గుణించి వర్గమూలం తీసి, దాన్ని ఎనిమిదింట ఏడు వంతులు చేస్తే అక్కడ అంటుకున్న నీటి మందం వస్తుంది. 20 మీటర్ల నీళ్ళుంటే అడుగున 17.5 మీటర్ల మందం, పైమట్టం దగ్గర సున్నా. పైమట్టంలో పీడనం సున్నా అనేది ఆయనా ముందే పెట్టుకున్నాడు. అంటే ఈ షరతు తొంభై ఏళ్ళ నాడే మా పుస్తకాల్లో ఉంది. మీ వాళ్ళు పక్కనున్న సివిల్ వాళ్ళని ఒకసారి అడిగి ఉంటే సరిపోయేది.

మదనపల్లె_77
సరే, ఇంకో అనుమానం. చెరువులో రాయేస్తే పైన అలలు వస్తాయి. పైమట్టం కదులుతుంది, ఎత్తు పెరిగితే పీడనం పెరుగుతుంది. మరి సున్నా అని ఎట్లా అంటారు?

చిత్తూరు_మెష్
మంచి ప్రశ్న అన్నా. అది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. కోణీయ ఫ్రీక్వెన్సీ వర్గాన్ని వస్తువు సైజుతో గుణించి, గురుత్వ త్వరణంతో భాగించండి. ఒకటి కంటే చాలా ఎక్కువ వస్తే గురుత్వం లెక్కలోకి రాదు, పీడనం సున్నా అనేయొచ్చు. ఈ సిలిండర్‌కి 50 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 3000. వేగంగా వణికే చోట అలకి లేచి పడే టైమే ఉండదు. అదే సిలిండర్ అలల మీద తేలుతూ రెండు సెకన్లకి ఒకసారి పైకీ కిందికీ ఊగితే అదే సంఖ్య 0.3 దగ్గరికి పడిపోతుంది, అప్పుడు గురుత్వం తప్పకుండా పెట్టాలి. ఓడ ఊగుడు లెక్క వేరు, ఓడ రేకు వణుకుడు లెక్క వేరు. రెండిటికీ ఒకే సాఫ్ట్‌వేర్ వాడినా పైమట్టం షరతు మారుతుంది.

చంద్రగిరి_నావ
ఇప్పుడు చేతిలెక్క. కాగితం దగ్గర పెట్టుకోండి.
పొడవైన సిలిండర్ పూర్తిగా మునిగి ఉంటే, చుట్టూ రెండు అలలు ఉండే ఈ దీర్ఘవృత్తపు మోడ్‌కి, చదరపు మీటరు రేకుకి అంటుకునే నీళ్ళు = నీటి సాంద్రత × వ్యాసార్థం ÷ 2. అంటే 150 కిలోలు. రేకు సొంత బరువు చదరపు మీటరుకి 23.5 కిలోలు మాత్రమే. నిష్పత్తి 6.37. గాల్లో 100 హెర్ట్జ్ అనుకుంటే పూర్తిగా మునిగాక 37. రేకు కంటే నీళ్ళే ఆరు రెట్లు బరువు! పల్చని రేకుల విషయంలో నీళ్ళని ఏదో చిన్న సవరణ అనుకోకూడదు, అసలు బరువు అదే.
ఇప్పుడు సగం మునిగింది. కోణాన్ని నీటిమట్టం నుంచి కొలుద్దాం. ఐమూల మోడ్‌లో నీటిమట్టం దగ్గర రేకు కదలిక సున్నా, అడుగున కూడా సున్నా, 45 డిగ్రీల దగ్గర గరిష్ఠం. పీడనం పైమట్టంలో సున్నా కావాలి, ఈ ఆకారం దానికి అచ్చంగా అతుకుతుంది. కాబట్టి తడిసిన సగంలో నీళ్ళ బరువు పూర్తిగా మునిగినప్పటి లెక్కే, పైసగానికి ఏమీ లేదు. నిష్పత్తి సగమై 3.18. 100 హెర్ట్జ్ 49 అవుతుంది.
నిలువు-అడ్డం మోడ్ అట్లా కాదు. నీటిమట్టం దగ్గరే దాని కదలిక గరిష్ఠం. అక్కడ పీడనం సున్నా కాబట్టి ఆ ఊగు నీళ్ళని పెద్దగా మోయదు. ఈ ఆకారాన్ని సైన్ శ్రేణిగా విడగొట్టి కలిపితే నిష్పత్తి 2.58 వస్తుంది. 100 హెర్ట్జ్ 53 అవుతుంది.
ఇప్పుడు ఇనుప మూత పెట్టి చూడండి. నిలువు-అడ్డం మోడ్‌కి 49, ఐమూల మోడ్‌కి 40. సరైన జంట 49, 53. మూత ఉన్న జంట 40, 49. కింది ఫ్రీక్వెన్సీలో మీరు చెప్పిన 20 శాతం తేడా ఇదే.
ఒకటి జాగ్రత్తగా గమనించండి. 49 రెండిట్లోనూ వస్తోంది. కానీ ఒక దాంట్లో అది ఐమూల మోడ్, ఇంకో దాంట్లో నిలువు-అడ్డం మోడ్. ప్రయోగంలో 49 దగ్గర శిఖరం కనపడగానే "చూశారా, పాత ఫైలు సరిపోయింది" అని ఎవరైనా అనగలరు. అంకెలతో పోల్చొద్దు, ఆకారంతో పోల్చండి.
ఇది ఆకారం మారదనుకుని, రేకు చుట్టుకొలత వెంబడి జరిగే కదలికని వదిలేసి వేసిన సుమారు లెక్క. అసలు సిలిండర్‌లో కింద బరువు, పైన తేలిక కాబట్టి మోడ్‌లు ఒకదానితో ఒకటి కలుస్తాయి, కంప్యూటర్ ఇచ్చే అంకెలు కొద్దిగా జరుగుతాయి. పొడవు, సిలిండర్ రెండు చివర్ల మూతలు వచ్చాక ఇంకా జరుగుతాయి. అయినా ఏ మోడ్ పైన, ఏది కింద, సుమారు ఎంత అనేది ఈ లెక్క చెప్పేస్తుంది.

ఏర్పేడు_తరంగం
సార్, ఏం చెప్పాలో తెలియడం లేదు. నా కొత్త ఫైలులో ఆకారాలు ఇప్పుడే గీయించి చూశాను, కింది ఫ్రీక్వెన్సీ ఐమూలదే, పైది నిలువు-అడ్డందే. పాత ఫైలులో రెండో ఫ్రీక్వెన్సీ, నా దాంట్లో మొదటి ఫ్రీక్వెన్సీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఆకారాలు మాత్రం వేరు. మీరు చెప్పినట్టే ఉంది. ఇది రేపు మా గైడ్‌కి చూపిస్తాను.

స్వర్ణముఖి
నేను ఇంజనీరుని కాదు, తిరుపతిలో సంగీతం నేర్పుతుంటాను. మొత్తం చదివాను, కొంత అర్థమైంది. జలతరంగంలో గిన్నెలో నీళ్ళు పోసేకొద్దీ శ్రుతి దిగుతుంది, ఇది అదేనా? ఒక విషయం నాకు ఎప్పటినుంచో వింతగా ఉండేది. అడుగున సగం దాకా పోసినా శ్రుతి పెద్దగా కదలదు, అంచు దగ్గరికి వచ్చాక చెంచాడు నీళ్ళకే దిగిపోతుంది.
ఇంకొక ప్రశ్న కూడా. తిరుమలలో తెప్పోత్సవం చూసినప్పుడల్లా అనుకుంటాను, తెప్ప మీద నాదస్వరం, డోలు మోగుతుంటే పుష్కరిణిలో నీళ్ళ కింద ఉన్న చేపలకి అది వినపడుతుందా అని.

చంద్రగిరి_నావ
అమ్మా, జలతరంగం అచ్చంగా ఇదే. గిన్నె గోడ కదిలితే దాన్ని ఆనుకున్న నీళ్ళూ కదలాలి. గోడ ఊగు అంచు దగ్గర ఎక్కువ, అడుగుకి పోయేకొద్దీ దాదాపు ఉండదు. శక్తి ఊగు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అడుగునున్న నీళ్ళు పేరుకే ఉన్నట్టు. నిటారు గోడల పాత్రల్లో నీటి ప్రభావం లోతు నిష్పత్తి నాలుగో ఘాతానికి దగ్గరగా పెరుగుతుంది. సగం నింపితే మొత్తం ప్రభావంలో పదహారో వంతు, ముప్పాతిక నింపితే దాదాపు మూడో వంతు. మీ చెవి పట్టుకున్నది సరిగ్గా అదే.
ఏర్పేడు బాబుకి కూడా ఇది పనికొస్తుంది. నిటారుగా ఉండే పల్చటి స్టీలు గ్లాసు తీసుకో. ఖాళీ గ్లాసుని బకెట్ నీళ్ళలో నిలువుగా దించి, అడుగు మధ్యలో ఒక పుల్లతో లోపలి నుంచి నొక్కి పట్టుకుని, చెంచా కాడతో అంచు మీద మెల్లగా కొట్టు. ఫోనులో స్పెక్ట్రమ్ చూపించే యాప్ పెట్టుకో. అడుగు మధ్య కదలదు కాబట్టి పుల్ల మోగుడుని పెద్దగా చెడగొట్టదు. గ్లాసుని సగం దాకా దించు, ముప్పాతిక దాకా దించు, అంచుకి ఒక వేలు కింద దాకా దించు. శిఖరం ఎట్లా జరుగుతుందో చూడు. నీళ్ళు లోపలున్నా బయటున్నా గోడకి ఒకటే బరువు.

చిత్తూరు_మెష్
స్వర్ణముఖి గారూ, తెప్పోత్సవం ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే మేము పంపుల చప్పుడు తగ్గించే పనిలో రోజూ చూసేది ఇదే.
గాల్లో వచ్చిన శబ్దం నీళ్ళ మీద పడితే అందులో శక్తి వెయ్యింట ఒక వంతు మాత్రమే లోపలికి పోతుంది, మిగతాదంతా పైకి తిరిగొస్తుంది. దాదాపు 30 డెసిబెల్స్ నష్టం. కాబట్టి నాదస్వరం గాలి దారిలో నీళ్ళలోకి పోవడం కష్టం. కానీ తెప్ప మీద నిలబడి డోలు కొడితే, ఆ దెబ్బ నిలబడ్డవాళ్ళ కాళ్ళలోంచి, పలకల్లోంచి, తెప్ప అడుగులోంచి నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. ఆ దారిలో గాలే లేదు. పడవలో ఇంజను చప్పుడు కూడా నీళ్ళలోకి ఎక్కువగా పోయేది ఇంజను బిగించిన బోల్టుల్లోంచి రేకులోకి, రేకులోంచి నీళ్ళలోకి. అందుకే ఇంజను కింద రబ్బరు మౌంట్లు వేస్తారు. చుట్టూ స్పాంజి గోడలు కడితే లోపలున్న మనుషులకి హాయి, నీళ్ళకి పెద్ద తేడా ఉండదు.
ఇంకోటి. నీళ్ళలో డెసిబెల్‌ని గాల్లో డెసిబెల్‌తో నేరుగా పోల్చకూడదు. గాల్లో 20 మైక్రోపాస్కల్స్ నుంచి లెక్క, నీళ్ళలో 1 మైక్రోపాస్కల్ నుంచి. అక్కడే 26 డెసిబెల్స్ తేడా. నీళ్ళు, గాలి శబ్దాన్ని మోసే తీరులో తేడా కూడా కలిపితే ఒకే తీవ్రతకి 62 దాకా వస్తుంది.

స్వర్ణముఖి
చాలా సంతోషం అమ్మా. డోలు వాళ్ళకి ఈ మాట చెప్తాను.

మదనపల్లె_77
అంతా బాగానే ఉంది కానీ, మనకి సముద్రం లేదు, ఓడలు లేవు. తిరుపతిలో కూర్చుని ఇది చేస్తే ఉద్యోగం ఎక్కడ? పిల్లవాడి మంచి కోరే అడుగుతున్నా.

చంద్రగిరి_నావ
అడగాల్సిన మాటే. ఓడలూ సబ్‌మెరైన్లే కాదు, సగం మునిగినవి ఇప్పుడు అన్ని చోట్లా వస్తున్నాయి. విశాఖ దగ్గర సింహాద్రిలో 25 మెగావాట్ల తేలే సోలార్ 2021లో మొదలైంది, రామగుండంలో 100 మెగావాట్లది 2022లో. జలాశయాల్లో పంపులు తేలే పాంటూన్ల మీద ఉంటాయి. సముద్రంలో గాలిమరల కోసం ఉక్కు స్తంభాలు దిగగొడతారు, ఆ సుత్తి దెబ్బ నీళ్ళలో ఎంత పోతుందో ముందే లెక్కగట్టకపోతే జర్మనీలో అనుమతే రాదు, 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బకి 160 డెసిబెల్స్ దాటకూడదు అని నియమం. ఓడల నుంచి నీళ్ళలోకి పోయే శబ్దం గురించి అంతర్జాతీయ సముద్ర సంస్థ 2014లో మార్గదర్శకాలు ఇచ్చి 2023లో సవరించింది. మన దగ్గర నౌకాదళ పరిశోధనశాలలు విశాఖలో ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది, కొచ్చిలో ఎన్‌పీఓఎల్ ఉంది. ఈ పని తెలిసినవాళ్ళు తక్కువ. కుర్రాడు సరైన దారిలోనే ఉన్నాడు.

తడ_పడవ
నేను తడ మనిషిని, మాది పులికాట్‌లో చేపలు పట్టే కుటుంబం, నేను మెకానిక్. మా సరస్సులో చాలా చోట్ల మనిషి నిలబడేంత లోతే. డీజిల్ పడవ వస్తే చేపలు పారిపోతాయని పెద్దవాళ్ళు అంటారు. ఇంజను రబ్బరు మీద వేస్తే లాభం ఉందా?

చిత్తూరు_మెష్
లాభం ఉంటుంది అన్నా, కానీ ఏ శబ్దానికి అన్నది చూడాలి. లోతు తక్కువ నీళ్ళలో తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం దూరం పోలేదు. పైన పీడనం సున్నా, కింద నేల గట్టిదనుకుంటే, లోతు తరంగ పొడవులో పావు వంతైనా ఉండాలి. మీటరు లోతుకి ఆ హద్దు 370 హెర్ట్జ్ దగ్గర. ఇంజను గుడగుడ దానికంటే కిందే ఉంటుంది, కాబట్టి అది పడవ చుట్టుపక్కలే చచ్చిపోతుంది. దూరం పోయేది పైశబ్దాలు, గేర్ల కీచు, ప్రొపెల్లర్ హోరు. మెత్తటి రబ్బరు ఇంజను పైశబ్దాల్ని బాగానే ఆపుతుంది. ప్రొపెల్లర్‌ది మాత్రం రబ్బరుతో ఆగదు, రెక్క వంకరపోయి ఉంటే ముందు అది సరిచేయండి.

ఏర్పేడు_తరంగం
అక్కా, ఇది నాకూ తగులుతుంది. మా దగ్గర 2 మీటర్ల లోతు సిమెంటు ట్యాంకు ఉంది, వచ్చే నెల అందులో హైడ్రోఫోన్ (నీళ్ళలో పెట్టే మైకు) పెట్టి శబ్దం కొలుద్దామనుకున్నాం.

చిత్తూరు_మెష్
2 మీటర్లకి హద్దు 185 హెర్ట్జ్. నీ మొదటి మోడ్‌లు దానికంటే కింద వస్తే హైడ్రోఫోన్‌కి తగిలేది సిలిండర్ పక్కనే అటూ ఇటూ కదిలే నీళ్ళ పీడనం, పోయే శబ్దం కాదు. దాన్నుంచి దూరంలో ఎంత వినపడుతుందో చెప్పలేవు. ట్యాంకులో వణుకు మాత్రం బాగా కొలవచ్చు. రేకు లోపలి వైపు యాక్సిలరోమీటర్లు (వణుకు కొలిచే సెన్సార్లు) అంటించి, ఇంపాక్ట్ హామర్‌తో (దెబ్బ బలం కొలిచే సుత్తితో) కొట్టి ఫ్రీక్వెన్సీలూ ఆకారాలూ తీసుకో. చుట్టూ కనీసం పదహారు చోట్ల కొలువు, లేకపోతే ఐమూల మోడ్‌నీ నిలువు-అడ్డం మోడ్‌నీ విడదీయలేవు. నీటిమట్టం గీత దగ్గర ఒక బిందువు తప్పకుండా ఉండాలి, ఏ మోడ్ అన్నది అక్కడే తేలిపోతుంది. ట్యాంకు గోడలు దగ్గరగా ఉంటే అవి కూడా నీళ్ళని అడ్డుకుని బరువు పెంచుతాయి, అందుకని లెక్కలో ట్యాంకునీ పెట్టు.

చంద్రగిరి_నావ
శబ్దం గురించి ఇంకొకటి చేర్చాలి. నీళ్ళ పైమట్టం అద్దంలా పనిచేస్తుంది, కానీ గుర్తు తిప్పి. నీళ్ళలోంచి పైకి వచ్చిన పీడనం తిరిగి వెళ్ళేటప్పుడు ధనం రుణం అవుతుంది. మట్టానికి దగ్గరలో ఉన్న మూలం తన ప్రతిబింబంతో కొట్టేసుకుంటుంది. 30 సెంటీమీటర్ల లోతున, 50 హెర్ట్జ్ దగ్గర, నిట్టనిలువుగా కిందికి చూస్తే కూడా మట్టం లేనప్పటి కంటే 18 డెసిబెల్స్ తక్కువ. నీటిమట్టానికి 10 డిగ్రీల కోణంలో చూస్తే 33 తక్కువ. కాబట్టి ఆ ఇనుప మూత ఫైలుతో శబ్దం లెక్కగడితే ఫ్రీక్వెన్సీ తేడా 20 శాతమే కావచ్చు, శబ్దం తేడా పదుల డెసిబెల్స్. గట్టి మూత ప్రతిబింబం గుర్తు మార్చదు, కొట్టేసుకోవాల్సింది పోయి రెట్టింపవుతుంది. నాకు ఇందులో అన్నిటికంటే భయం అనిపించేది ఇదే. ఓడ ఎంత చప్పుడు చేస్తుందని ఎవరికో అంకె ఇచ్చేవాళ్ళం మనం.

పీలేరు_కోడ్
ఆలస్యంగా వచ్చాను. సాఫ్ట్‌వేర్ వైపు రెండు మాటలు. లైసెన్సు లేకపోతే కోడ్ ఆస్టర్ అనే ప్రోగ్రాము వాడుకోవచ్చు, ఉచితం, నీళ్ళూ స్టీలూ కలిపిన మోడల్ అందులో ఉంది. స్థానభ్రంశం, పీడనం మాత్రమే తీసుకుంటే మాత్రికలు సౌష్టవంగా రావు, మామూలు ఐగెన్ సాల్వర్‌కి (ఫ్రీక్వెన్సీలు, మోడ్‌లు వెతికే ప్రోగ్రాముకి) ఇస్తే ఒప్పుకోదు. ఎవర్‌స్టీన్ 1981లో పీడనం బదులు వేగ పొటెన్షియల్ తీసుకుని దీన్ని సౌష్టవం చేశాడు. కోడ్ ఆస్టర్‌లో పీడనం, పొటెన్షియల్ రెండూ ఉంచే పద్ధతి ఉంది. 50 హెర్ట్జ్‌కి నీళ్ళలో తరంగ పొడవు 30 మీటర్లు, సిలిండర్ వ్యాసం 60 సెంటీమీటర్లు, కాబట్టి ఫ్రీక్వెన్సీలు మాత్రమే కావాలంటే నీళ్ళు నొక్కుకోవు అనుకుని చేసేయొచ్చు. శబ్దం కావాలంటే అట్లా కుదరదు.
నీళ్ళంతటికీ కాకుండా అంచుకి మాత్రమే మెష్ వేసే బౌండరీ ఎలిమెంట్‌తో చేస్తే, ప్రతిబింబం కలిపిన గ్రీన్ ఫంక్షన్ (ఒక బిందువు మూలం వల్ల వచ్చే పీడనం సూత్రం) వాడు, అప్పుడు నీటిమట్టానికి మెష్ వేయాల్సిన పనే లేదు. ఎక్కువ ఫ్రీక్వెన్సీకి పోతే లేని శిఖరాలు పుట్టుకొస్తాయి. దానికి షెంక్ 1968 పద్ధతి ఒకటి, బర్టన్-మిల్లర్ 1971 పద్ధతి ఒకటి ఉన్నాయి. నీ సైజుకి ఆ బెడద 3 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, ఇప్పటికి దాని జోలికి పోవద్దు.

ఏర్పేడు_తరంగం
చాలా థాంక్స్ అన్నా. మెష్ సైజు ఎంత పెట్టాలి? నీళ్ళలో తరంగ పొడవుకి ఆరు ఎలిమెంట్లు అని క్లాసులో చెప్పారు. 500 హెర్ట్జ్‌కి నీళ్ళలో 3 మీటర్లు వస్తుంది, అంటే అర మీటరు ఎలిమెంట్ చాలా?

చిత్తూరు_మెష్
చాలదు తమ్ముడూ. దూరపు నీళ్ళకి అది సరే. రేకు పక్కన నీళ్ళు రేకు వంగుడు తరంగాన్ని అనుసరిస్తాయి. 3 మిల్లీమీటర్ల స్టీలు రేకులో 500 హెర్ట్జ్‌కి ఆ తరంగ పొడవు గాల్లో 24 సెంటీమీటర్లే, నీళ్ళ బరువు పడితే ఇంకా పొట్టిది. రేకు నుంచి దూరం జరిగేకొద్దీ పీడనం గబగబా పడిపోతుంది, 4 సెంటీమీటర్లు పోయేసరికి మూడో వంతుకి వచ్చేస్తుంది. ఆ 4 సెంటీమీటర్లలో నాలుగు పొరలైనా లేకపోతే అంటుకున్న నీళ్ళ బరువు తప్పు వస్తుంది. నీటిమట్టం రేకుని తాకే మూల దగ్గర ఇంకా సన్నగా వెయ్యి, అక్కడ నీటి వేగం బాగా నిటారుగా పెరుగుతుంది. రేకు మెష్‌లో ఒక నోడ్ (ఎలిమెంట్లు కలిసే బిందువు) సరిగ్గా నీటిగీత మీద పడాలి. గీత ఒక ఎలిమెంట్ మధ్యలోంచి పోతే ఆ ఎలిమెంట్ తడిసిందా లేదా అని సాఫ్ట్‌వేర్ తన ఇష్టం వచ్చినట్టు తేల్చుకుంటుంది.

కార్వేటినగరం_సివిల్
శబ్దం నిజంగా కొలవాలనుకుంటే ట్యాంకు బదులు జలాశయమే దారి. కల్యాణి డ్యాం మీకు దగ్గర. అది తాగునీళ్ళు కాబట్టి నూనె, గ్రీజు ఉన్నది ఏదీ దించనివ్వరు, శుభ్రమైన సిలిండరే తీసుకెళ్ళాలి. లోతు ఎక్కడ ఎంత, ఆ నెలలో మట్టం ఎంత ఉంటుంది అన్నది ముందు కనుక్కోండి, వేసవిలో మట్టం పడిపోతే మీ హద్దు మళ్ళీ పైకి పోతుంది. మీ కాలేజీ లెటర్‌హెడ్ మీద, ఏం దించుతారు, ఎంతసేపు, పడవ కావాలా అన్నవి స్పష్టంగా రాసి నీటిపారుదల శాఖ కార్యనిర్వాహక ఇంజనీరు పేరిట పెట్టండి. ఉత్తరం ముసాయిదా నాకు పంపిస్తే చూసి పెడతాను.

ఏర్పేడు_తరంగం
ఇప్పటికి ఇట్లా అనుకున్నాం. ట్యాంకులో వణుకు మాత్రమే కొలుస్తాం, చుట్టూ పదహారు బిందువులు, ఒకటి నీటిగీత మీద. ట్యాంకు గోడలు కూడా మోడల్‌లో ఉంటాయి. పాత ఫైలులో పైగీతకి పీడనం సున్నా పెట్టి మళ్ళీ నడుపుతున్నా, అది నా కొత్త ఫైలుతో కలిస్తే ఇక వాదన ఉండదు. సార్ వేసిన చేతిలెక్క రిపోర్టులో ల్యాంబ్ పలక పక్కన రెండో పరీక్షగా చేరుస్తాను. శబ్దం కొలతకి డ్యాం ఉత్తరం గైడ్‌తో మాట్లాడి సోమవారం రాస్తాను.

చంద్రగిరి_నావ
సిలిండర్ సరిగ్గా సగం మునగాలంటే మీటరు పొడవుకి దాదాపు 97 కిలోలు అదనంగా కావాలి, మూతల బరువు పోను. రేకు బరువు మీటరుకి 44 కిలోలే. ఆ బరువు లోపల అడుగున పోసి రేకుకి అంటిస్తే మోడ్‌లు మొత్తం మారిపోతాయి. రెండు చివర్ల మూతలకి బయటి నుంచి వేలాడదీయండి, లేదా మూతలనే ఒక ఫ్రేముకి పట్టించి కిందికి నొక్కండి. ఏది చేసినా మోడల్‌లో కూడా అదే పెట్టండి. ఉత్తరంతో పాటు ఆ ఫ్రేము బొమ్మ కూడా ఇక్కడ పెడితే చూస్తాను.